కాసులపేరూ – హంగరీ బేసూ

"ఆడపిల్లకి అంత పెద్ద వాయిద్యమేమిటండీ వదినగారూ, విడ్డూరం కాకపోతే!" అన్నారు మా వియ్యపురాలు.

ఆవిడ ఆ మాట అన్నది న్యూజెర్సీలో, మా అమ్మాయి ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర. 2025 వేసవిలో పిల్లదాని అమ్మమ్మనైన నేనూ, నాయనమ్మ అయిన ఆవిడా ఒకేసారి అక్కడికి వెళ్ళడం తటస్థించింది. ఒక వంటింట్లో ఇద్దరు వియ్యపురాళ్ళు ఇమడరంటారు. మేం ఇమిడాం. ఆవిడ పప్పులో ఇంగువ వేస్తే నేను నోరు మూసుకున్నాను, నేను పులుసులో బెల్లం వేస్తే ఆవిడ నోరు మూసుకున్నారు. పేచీ వచ్చిందల్లా ఒక్క డబుల్ బేస్ దగ్గరే.

డబుల్ బేస్ అంటే ఏమిటో చూడనివాళ్ళకి ఒక ముక్క చెబుతాను. మన ఫిడేలుని ఆరడుగుల ఎత్తుకి పెంచి, భుజాలు కాస్త కిందికి జార్చితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నాలుగు లావుపాటి తీగలు. ఒళ్ళో పెట్టుకోవడానికి కుదరదు. నేలమీద నిలబెట్టి, పక్కన నిలబడో, ఎత్తు పీట మీద కూర్చునో, ఒంటికి ఆనించుకుని కమానుతో వాయించాలి, లేదా వేళ్ళతో మీటాలి. అన్నిటికన్నా లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లే కంపిస్తుంది. అంచేత ఆ నాదం చెవులకన్నా ముందు అరికాళ్ళకి తెలుస్తుంది. మద్రాసు స్టూడియోల్లో మన పాత సినిమా పాటలు రికార్డు చేసిన రోజుల్లో ఈ బేసు కూడా అక్కడ ఉండేది. మనం గాయనిని విన్నాం, ఫిడేళ్ళని విన్నాం. అడుగున నిలబడి పాటనంతా మోసినదాన్ని మాత్రం ఎవరం పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడం మనకి అలవాటే. ఆ సంగతికి తరవాత వస్తాను.

మా మనవరాలికి పదిహేడేళ్ళు. పదకొండో ఏట బళ్ళో వాద్యబృందంలో చేరితే, ఫిడేళ్ళూ పిల్లనగ్రోవులూ ఎవరికి వారు తీసేసుకోగా మూల నిలబెట్టిన బేసు మిగిలిందట. "పోనీ ఇదే" అని తీసుకుంది. ఆ "పోనీ" కాస్తా ప్రాణమై కూర్చుంది. రెండేళ్ళయ్యాక తల్లిదండ్రులు ప్లైవుడ్ బేసు ఒకటి కొనిచ్చారు. ఇప్పుడు పై చదువు సంగీతంలోనే చదువుతానంటోంది. కాలేజీల వాళ్ళు పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి వింటారుట. దాని పంతులుగారు చెప్పారు – "నీ చెయ్యి ఎదిగింది, వాయిద్యం ఎదగలేదు. చెక్కి చేసిన బేసు చూసుకో" అని. వెతగ్గా వెతగ్గా ఒక దుకాణంలో హంగరీ దేశంలో ఒక పనివాడు తన చేత్తో చేసిన బేసు కనిపించింది. ఖరీదు 9,000 డాలర్లు.

ఆ అంకె వినగానే బల్ల చుట్టూ ఉన్న గరిటెలన్నీ ఆగిపోయాయి.

ఆ తరవాత వచ్చిన ఆక్షేపణలన్నీ నేను వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. ఇవి ఒక్క మా ఇంటివే అయితే పత్రికకెక్కించేదాన్ని కాదు. వాయిద్యం మారుతుందేమో గాని, ప్రతి ఇంట్లోనూ ఆడపిల్ల ఏదైనా మంచి సామాను అడిగినప్పుడు వచ్చే మాటలే ఇవి. అంచేత ఒక్కొక్కదానికీ జవాబు చెప్పదలుచుకున్నాను.

మొదటిది మా వియ్యపురాలుగారిదే. ఆడపిల్లకి అంత బరువా అని.

అమ్మా, డబుల్ బేస్ బరువు పది కిలోలకి అటూ ఇటూ. మన వంటింట్లోకి వచ్చే నిండు గ్యాసు బండ ముప్పై కిలోలకి కాస్త తక్కువ. ఖాళీది తీసి నిండుది దొర్లించి బిగించుకునేటప్పుడు, "ఆడదానికి అంత బరువేమిటి, విడ్డూరం కాకపోతే" అని ఏ ఇంట్లోనైనా ఎవరైనా అన్నారా? చంకలో పిల్ల, చేతిలో నీళ్ళ బిందె, నెత్తిన బట్టల మూట ఉన్నప్పుడు గుర్తురాని సుకుమారం, చేతిలో కమాను చూడగానే ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందండీ?

ఈ మాట ఒక్క మనవాళ్ళే అన్నారనుకోకండి. దొరలూ అన్నారు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ అనే పెద్ద వాద్యబృందం 1842 నుంచీ ఉంది. అందులో ఒక స్త్రీని పూర్తికాలపు సభ్యురాలిగా తీసుకున్నది 1966లో. ఆవిడ పేరు ఓరిన్ ఒబ్రయన్. వాయించినది ఏమిటో ఊహించండి – డబుల్ బేసే! అప్పటి పత్రికలు ఆవిడ వాయింపుతోబాటు ఆవిడ ఒంటి తీరుని కూడా వర్ణించి మురిసిపోయాయి. ఆవిడ మాత్రం ఆ మాటలు పట్టించుకోకుండా యాభై అయిదేళ్ళు ఆ బృందంలో వాయించి 2021లో విరమించుకుంది. ఆవిడమీద మేనకోడలు తీసిన చిన్న డాక్యుమెంటరీకి 2025లో ఆస్కార్ వచ్చింది. ఆ సినిమా మా మనవరాలు నాకూ, వాళ్ళ నాయనమ్మకీ కలిపి చూపించింది. చూశాక మా వియ్యపురాలు అన్న మాట, "పెళ్ళి చేసుకుందా?" అని. నేను నవ్వలేదు. నవ్వొస్తే ఆపుకున్నాను.

ఇంకొక హంగరీ ఆవిడ కథ కూడా వినండి. వియన్నా ఫిల్‌హార్మోనిక్‌కి ప్రపంచమంతా జేజేలు పలుకుతుంది. ఆ బృందంలో 1997 దాకా ఒక్క స్త్రీకి కూడా సభ్యత్వం లేదు. హార్ప్ అనే తంత్రీవాద్యం వాయించే ఆనా లెల్కెష్ అనే హంగరీ ఆవిడ అప్పటికే ఇరవై ఏళ్ళకు పైగా వాళ్ళతోనే వాయిస్తోంది. వాయించడానికి పనికొచ్చింది, పేరు రాయడానికి పనికిరాలేదు! వంట వండటానికి పనికొచ్చి, పంక్తిలో కూర్చోవడానికి పనికిరానట్టు. ఎక్కడో విన్నట్టు లేదూ?

రెండో ఆక్షేపణ మా అల్లుడుగారిది. పెద్దమనిషి, మర్యాదగా అన్నారు. "ఉన్న బేసు బాగానే మోగుతోంది కదా అత్తయ్యగారూ" అని.

నిజమే, మోగుతోంది. ప్లైవుడ్‌ని నేను తిట్టను. పల్చటి చెక్క పొరల్ని అడ్డంగా, నిలువుగా ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించి, అచ్చులో పెట్టి వంచి చేస్తారు. గట్టి సరుకు. ఎండకీ చలికీ తొందరగా పగలదు, బళ్ళో పిల్లలు తోసినా ఓర్చుకుంటుంది, మధ్యతరగతి వాళ్ళకి అందే ధర. నేర్చుకునే పిల్లకి అంతకన్నా మంచిది అక్కర్లేదు. తీగలు మీటి వాయించేవాళ్ళలో పెద్దపెద్దవాళ్ళు కూడా దాన్ని ఇష్టపడతారుట. చిక్కంతా కమాను పెట్టినప్పుడే.

ఆ సంగతి నాకు దుకాణంలో తెలిసింది. మా అల్లుడుగారికి బల్ల దగ్గర వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు పిల్లదానితో నేనూ బయల్దేరాను. "నేనూ వస్తానండీ, దోపిడీ ఏమిటో కళ్ళారా చూస్తాను" అని మా వియ్యపురాలు కూడా కారెక్కారు. ప్లైవుడ్ బేసు మా ముగ్గురి మధ్యా నాలుగో మనిషిలా పడుకుని వచ్చింది.

పిల్ల ముందు తన పాత బేసు మీద ఒక పాట వాయించింది. చిన్నపిల్లలు పాడుకునే పాటేనట అది, కాని మెల్లగా, దిగులుగా, శవయాత్రలా నడుస్తుంది. మాలర్ అనే ఆయన రాసిన మొదటి సింఫనీలో మూడో భాగం ఈ పాటతోనే మొదలవుతుంది. అంత పెద్ద బృందం ఊపిరి బిగబట్టి ఊరుకుంటే, ఒక్క డబుల్ బేస్ నోరు విప్పుతుంది. "అమ్మమ్మా, ఈ సింఫనీ మొట్టమొదట వాయించింది 1889లో, హంగరీలోనే, బుడాపెస్ట్‌లో" అంది పిల్ల. తరవాత హంగరీ బేసు తీసుకుని అదే పాట, అదే కమానుతో వాయించింది.

నాకు వాళ్ళ సంగీతం రాదు. చారు మాత్రం వచ్చు. స్టీలు గిన్నెలో కాచిన చారుకీ సత్తు గిన్నెలో కాచిన చారుకీ తేడా మీలో ఎవరికైనా నేను చెప్పాలా? అదే చింతపండు, అదే పొడి, అదే చెయ్యి. అయినా సత్తు గిన్నెలో చారు పొంగే ముందే వీధిగుమ్మం దాకా వాసన వస్తుంది. అంతే తేడా! మొదటి బేసు మీద స్వరం కమాను కింద పుట్టి అక్కడే ఆగిపోయింది. రెండోదాని మీద స్వరం పుట్టి, గది చుట్టూ తిరిగి, చెక్క నేల మీంచి నా అరికాళ్ళలోకి వచ్చింది. నేను చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీశాను. పక్కకి చూద్దును కదా, మా వియ్యపురాలు కూడా తీశారు.

దుకాణం ఆయన లోపల చిన్న దీపం పెట్టి చూపించాడు. ముందు పలక స్ప్రూస్ చెక్క – మన దేవదారుకి దగ్గర చుట్టం. వెనక పలకా పక్కలూ మేపుల్ చెక్క. ఆ పలకని వంచలేదు. మందపాటి చెక్కలు రెండు నడిమధ్య కలిపి అతికించి, ఉలితో, చిన్న చిన్న చిత్రికలతో, వెలుపలా లోపలా చెక్కి ఆ వంపు తెప్పించారు. ఎక్కడ మందం ఉండాలి, ఎక్కడ పల్చన కావాలి అన్నది వేలితో తట్టి, విని తేల్చుకుంటారు. నెలల తరబడి పని. లోపల తీగల భారం మోసే చోట, ముందు పలకకీ వెనక పలకకీ నడుమ చిన్న చెక్క కడ్డీ ఒకటి నిలబెడతారు. జిగురు లేదు, మేకు లేదు, ఉత్త బిగువుమీద నిలుస్తుంది. అది అటూ ఇటూ వీసమెత్తు జరిగినా వాయిద్యం గొంతు మారిపోతుంది. హంగరీ వాళ్ళు దాన్ని "లేలెక్" అంటారు. అంటే ఆత్మ. ఎంత బాగా పెట్టారండీ పేరు!

వాయిద్యానికి వాళ్ళు పెట్టిన పేరు విన్నారా? పిలిచేది దాదాపు "నొజ్‌బొగో" అని. అర్థం – పెద్దగా రంకె వేసేది! ఒక వంక ఆత్మ, మరో వంక రంకె. ఆ దేశంలో పల్లెపెళ్ళిళ్ళకి వాయించే మేళాల్లో ముందు ఫిడేలు ఆయన మీసం తిప్పుతూ ఉంటే, వెనక బేసు ఆయన గోడకి ఆనుకుని కమాను లాగుతూ ఉంటాడు. ఆయన ఆగితే ఆడేవాళ్ళ కాళ్ళు తడబడతాయి. మన పెళ్ళిలో డోలు ఆగినట్టే. 1972లో బుడాపెస్ట్ కుర్రకారు ఆ పల్లె వాయిద్యగాళ్ళ దగ్గరికి వెళ్ళి నేర్చుకుని, పట్నంలో ఆటల ఇళ్ళు పెట్టారు. ఆ నేర్పే పద్ధతిని 2011లో యునెస్కో వాళ్ళు గుర్తించి మెచ్చుకున్నారు. అంతటి పట్టు ఉన్న దేశంలో చెయ్యి తిరిగిన పనివాడు చేసిన బేసు అది.

మూడో ఆక్షేపణ ఇక్కడే వచ్చింది. "అదంతా సరేనండీ, మనది కాని వాయిద్యం మనకెందుకు? హాయిగా వీణో ఫిడేలో నేర్పిస్తే నలుగురిలో కూర్చుని వాయిస్తుంది" అని.

ఫిడేలు మనదా? పద్ధెనిమిదో శతాబ్దం చివర దొరల బ్యాండ్లతో వచ్చింది. బాలుస్వామి దీక్షితులవారి వంటి వాళ్ళు దాన్ని మన పాటకి ఒప్పించారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో దాన్ని పట్టుకునే సరికి అది పుట్టు తెలుగుదైపోయింది. ఎవరు ప్రేమతో వాయిస్తే వాళ్ళది వాయిద్యం.

ఆ మాటకొస్తే మన సంగీతం కూడా ఈ బేసులోకి వెళ్ళింది. దీనికి వీణకున్నట్టు మెట్లు ఉండవు. స్వరం ఎక్కడుందో వేలు వెతుక్కోవాలి, చెవి ఒప్పుకోవాలి. మా పిల్లకి ఆదివారం బళ్ళో నేర్పిన సరళీ స్వరాలవల్లే చెవి కుదురుకుందని వాళ్ళ పంతులుగారు అన్నారుట. హంగరీలో జోల్తాన్ కొదాయ్ (1882–1967) అనే పెద్దాయన చెప్పిందీ ఇదే – పిల్లలు ముందు నోరారా పాడాలి, వాయిద్యం తరవాత పట్టుకోవాలి అని. ఆ దేశపు బళ్ళన్నిటికీ ఆ పద్ధతి పాకింది. మన నాయనమ్మలు తెల్లవారుజామున పిల్లల్ని లేపి "స – ప – స" అనిపించిందీ అందుకే కదా! ఎక్కడి హంగరీ, ఎక్కడి రాజమండ్రి!

నాలుగో ఆక్షేపణ అన్నిటికన్నా తీయటిది, అందుకే అన్నిటికన్నా ప్రమాదమైనది. మా అల్లుడుగారి స్నేహితుడొకాయన అన్నాడు. "బేసు వెనకాల ఉండే వాయిద్యం కదండీ. ఎవరికీ వినపడదు. పునాది లాంటిది. దానికి అంత ఖరీదు పెట్టడం ఎందుకు?" అని.

అయ్యా, దొరికారు మీరు!

"ఇల్లాలే ఇంటికి పునాది" అని పెళ్ళినాటి ఉపన్యాసంలో ఒకసారి, రిటైరుమెంటు సభలో ఒకసారి మమ్మల్ని పొగుడుతారు. శాలువా మాత్రం ఆయనకి కప్పుతారు. పునాది కనపడదు, నిజమే. కనపడదు కనక దాంట్లో నాసిరకం రాయి వెయ్యొచ్చునని ఏ మేస్త్రీ చెప్పాడు మీకు? గోడకి రంగు తక్కువైతే ఇల్లు అందవిహీనంగా ఉంటుంది. పునాదికి రాయి తక్కువైతే ఇల్లే ఉండదు. ఇంతకాలం పునాది, పునాది అని పొగిడి, చిల్లుపడ్డ మూకుడూ, పిడి ఊడిన కత్తిపీటా, కాలు విరిగిన స్టూలూ మా మొహాన పెట్టి నడిపించారు. వినపడని వాయిద్యానికి మంచి చెక్క ఎందుకన్న మాటా, కనపడని పనికి మంచి పనిముట్టు ఎందుకన్న మాటా ఒక తల్లి పిల్లలే. ఇహ ఆ పొగడ్త మాకొద్దు. పునాదికి మంచి రాయి వెయ్యండి, చాలు.

అయిదోది అందరూ చివరికి దాచుకునేది – పెళ్ళి ఖర్చు. "రేపు పిల్ల పెళ్ళికి కావద్దూ ఆ డబ్బు?" అన్నారు మా వియ్యపురాలు. ఆవిణ్ణి తప్పుపట్టను. కొడుకు చదువుకి రెండెకరాలు అమ్ముకున్న మనిషి. డబ్బు ఎంత కష్టంగా వస్తుందో ఆవిడకి తెలిసినంత నాకు తెలియదు. కాని ఆ రెండెకరాలు అమ్మేటప్పుడు ఎవరూ "ముచ్చట" అనలేదు. "పెట్టుబడి" అన్నారు. కొడుక్కి కొన్నది పెట్టుబడి, కూతురికి కొన్నది ముచ్చట! నిఘంటువులో ఈ రెండు మాటలకీ అర్థం మార్చే రోజు ఎప్పుడొస్తుందండీ?

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ వాదం అంతా ఒట్టి నోటిదురుసు అనుకుంటారు.

నేనూ వీణ నేర్చుకున్నాను. బాగానే వాయించేదాన్నని అనేవారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెట్టు మొద్దు ఒక్కటే తీసుకుని, అతుకు లేకుండా వీణ మొత్తం తొలుస్తారు. ఏకాండి వీణ. అది కావాలని మా నాన్నగార్ని అడిగాను. ఆయన ప్రేమగలవారే. "పెళ్ళిచూపులకి ఇది చాలులే అమ్మా" అని, ఎవరో అమ్మేస్తున్న పాత వీణ ఒకటి తక్కువలో కొన్నారు. బిరడాలు నిలిచేవి కావు. శ్రుతి చేసి కీర్తన ఎత్తుకునే లోపల దిగిపోయేది. "పెళ్ళయ్యాక మీ ఆయన చేత కొనిపించుకో" అన్నారు. పెళ్ళిచూపుల్లో దానిమీదే వాయించాను. సంబంధం కుదిరింది. దాని పని అయిపోయింది. ఆయన చేత కొనిపించుకోవాల్సినవి – మంచం, బీరువా, ఫ్రిజ్జు, పిల్లల ఫీజులు – వరసగా వచ్చాయి. వీణ వంతు రాలేదు. అది అటకెక్కింది. నాన్నగారిమీద నాకు కోపం లేదు. కాని ఇప్పటికీ ఎవరి ఇంట్లోనైనా మంచి వీణ పలికితే, లోపల ఎక్కడో బిరడా జారినట్టవుతుంది.

అంచేత బల్ల దగ్గర నేనన్నాను. "మా అమ్మ నాకిచ్చిన కాసులపేరు ఒకటి రాజమండ్రిలో, బ్యాంకు లాకర్లో ఉంది. దీని పెళ్ళికి ఇస్తానని దీని బారసాలనాడే అందరిముందూ అన్నాను. అది దీనిదే. పెళ్ళినాడు ఇస్తే ఒక్కరోజు మెడలో పెట్టుకుని మళ్ళీ లాకర్లో పెడుతుంది. ఇప్పుడిస్తే రోజుకి మూడు గంటలు చేతిలో పట్టుకుంటుంది. నేను వెళ్ళగానే అమ్మి పంపుతాను. సగం అది, సగం మీరు."

ఎంత గొడవ అయిందనుకున్నారు! "అమ్మా, అమ్మమ్మ వస్తువు!" అని మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "2025లో బంగారం ధర చూశారా అత్తయ్యగారూ, ఇంకా పెరుగుతుంది. చెక్క పెరుగుతుందా?" అన్నారు అల్లుడుగారు.

పెరగదు నాయనా. చెక్క పెరుగుతుందని నేను అబద్ధం ఆడను. బేసు కొనడం లాభం బేరమని ఎవరైనా అంటే నమ్మకండి. అది పనిముట్టు. కుట్టుమిషను పెరుగుతుందా? డాక్టరమ్మ స్టెతస్కోపు పెరుగుతుందా? పనిముట్టు పెరగదు, పట్టుకున్న మనిషి పెరుగుతుంది. బంగారం ఎంత పెరిగినా మెడ పెరగదు. రేపు ఈ పిల్ల ఆ కాలేజీవాళ్ళ ముందు నెగ్గుతుందో లేదో నాకు తెలియదు. నెగ్గకపోవచ్చు. కాని ఓడితే తన చేతి తప్పు వల్ల ఓడాలి గాని, చేతిలో పెట్టిన సామాను వల్ల ఓడకూడదు. మగపిల్లలకి ఆ పాటి న్యాయం మనం ఎప్పుడూ చేస్తూనే ఉన్నాం.

ఇంతగా చెప్పానని, హంగరీ అనగానే కళ్ళు మూసుకుని కొనేయమనడం లేదు సుమండీ. "చేత్తో చేసినది" అన్న చీటీ ఎవరైనా అంటించవచ్చు. కంచిపట్టు పేరుతో మనకి ఎన్నెన్ని అంటగట్టలేదు! ఒక దేశంలో చేసి, రంగు వెయ్యకుండా ఇంకో దేశానికి పంపి, అక్కడ మెరుగు పెట్టి అమ్మే పద్ధతి కూడా ఈ వ్యాపారంలో ఉందిట. అందుకని ఎవరు చేశారో, ఎక్కడ చేశారో నిలదీసి అడగాలి. ముందు పలక ఒక్కటే చెక్కి, మిగతాది ప్లైవుడ్ పెట్టిన మధ్యరకం కూడా ఉంటుంది – అది తక్కువలో వస్తుంది, చాలామందికి అదే సరిపోతుంది. వెనకనుంచి, దూరంనుంచి వినాలి. పంతులుగారి చేత వాయించి చూడాలి. మా పిల్ల మూడు వారాలు తిరిగి, అంతకన్నా ఖరీదైన రెండింటిని కాదని, దీన్ని ఔనంది. చీర ఎంచుకునేటప్పుడు అంత ఓపిక నాకెప్పుడూ లేదు.

చెక్కిన బేసుకి సేవ కూడా ఎక్కువే. చలికాలంలో ఇళ్ళు వేడి చేస్తే గాలి ఎండిపోతుంది, చెక్క ముడుచుకుని బీటలు వారుతుంది. గదిలో తడి తగ్గకుండా చిన్న యంత్రంలో రోజూ నీళ్ళు పోస్తూండాలి. కారులో వదిలెయ్యకూడదు. ఎప్పుడైనా అతుకు విడితే బెంగ లేదు. జంతుచర్మంతో కాచిన జిగురుతో అతికిస్తారు కనక, విప్పి మళ్ళీ అతికించడానికి వీలుంటుంది. జంతుచర్మం అనగానే మా వియ్యపురాలు ముక్కు మూసుకోబోయారు. "మృదంగానికి ఏం వేస్తారండీ వదినగారూ?" అన్నాను. తీసేశారు.

కొన్నాం. పాత ప్లైవుడ్ బేసుని అటకెక్కించనివ్వలేదు నేను. ఆ వీధిలోనే ఆరో క్లాసు చదివే ఒక అమ్మాయికి తక్కువలో ఇప్పించాను. ఆ పిల్ల తల్లి కూడా "ఆడపిల్లకి ఇంత పెద్దదా?" అనే అంది. మా మనవరాలు ఆవిడకి ఏం చెప్పిందో తెలియదు గాని, "గ్యాసు బండ" అన్న మాట మాత్రం నా చెవిన పడింది.

నేను అక్టోబరులో తిరిగి వచ్చేశాను. మా వియ్యపురాలు చలికాలం దాకా ఉండిపోయారు. ఈ వ్యవహారం ఆవిడకి ఇప్పటికీ సమ్మతం కాదు. ఫోనులో కలిసినప్పుడల్లా, "ఎంత చెప్పండి వదినగారూ, కాసులపేరు కాసులపేరే" అంటూనే ఉంటారు. కాని మొన్న వీడియోలో పిల్ల వాయిస్తుంటే చూశాను. వెనకాల ఆవిడ చెంబు పట్టుకుని, ఆ తడి యంత్రంలో నీళ్ళు పోస్తున్నారు. చుక్క కింద పడకుండా, తులసికోటలో పోసినట్టు పోస్తున్నారు. పోసి, వెళ్ళిపోకుండా, గోడకి ఆనుకుని నిలబడ్డారు. కాళ్ళకి చెప్పులు లేవు.

అమ్మలారా, మీ లాకర్లో ఏముందో నేను అడగను. మీ అటకమీద ఏముందో అడుగుతున్నాను. ఒకసారి నిచ్చెన వేసి చూడండి. అక్కడ మీ వీణో, హార్మోనియమో, టైపు మిషనో, కుంచెల పెట్టో ఏదో ఒకటి ఉంటుంది. దాని పక్కన మీ అమ్మాయిది ఇంకొకటి చేరకుండా చూసుకోండి.